బస్సును వెనక్కి ఎక్కించిన మా జుజునా

మా చెల్లెలు జుజునా గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే మా ఊరివాళ్ళందరూ ఈ సంగతి పక్క ఊరి జక్రో చెప్పిన పద్ధతిలోనే నమ్మేసేటట్టున్నారు. జక్రో చెప్పేదాంట్లో అతని కూజా తప్ప ఇంకేమీ ఉండదు.

నేను మా ఊరి బడిలోనే చదివాను, అదీ ఎనిమిదో తరగతి దాకా. అయినా కాకసస్ కొండల కింద మా అలజాని లోయలో నేను విందు పెద్దగా కూర్చుని గ్లాసెత్తి మాట చెప్పని పెళ్ళంటూ ఉంటే అది నా పెళ్ళొక్కటే. ద్రాక్షతీగల కత్తిరింపులో జిల్లాకి మొదటివాడినని నాకిచ్చిన ఎర్రజెండా ఇప్పటికీ మా పొయ్యి పైన వేలాడుతోంది. పొగపట్టి నల్లజెండా అయిపోయిందని మా ఇంటావిడ అంటుంది గానీ దగ్గరికెళ్ళి చూస్తే ఎరుపే. కాబట్టి ఎవరు గొప్పో ఎవరు కాదో తూచే అర్హత నాకుంది. మా వంశంలో రెండో గొప్ప మనిషి జుజునా.

దానికి పదిహేడేళ్ళప్పుడు సమష్టి వ్యవసాయక్షేత్రంలో ట్రాక్టరు డ్రైవరుకి కాలు విరిగింది. కోతల కాలం. మగాళ్ళందరూ ఎవరు నడపాలా అని చెట్టుకింద వాదించుకుంటుంటే ఇది వెళ్ళి ట్రాక్టరెక్కి కూర్చుంది. వాదన ముగిసేసరికి సగం తోట ద్రాక్ష బండికెక్కేసింది. ఆ తర్వాత ప్రతి కోతల్లోనూ గంపలకొద్దీ ద్రాక్షని లారీలో ఫ్యాక్టరీకి తోలింది. ఆ తర్వాత మా ఊరి బస్సు. పాతది, పసుపుపచ్చది, తలుపు మూసుకోవాలంటే లోపల్నుంచి ఎవరో ఒకరు తన్నాలి. ఆ తన్నే పని ముందు సీటులో కూర్చున్నవాళ్ళది. గవర్నరు వచ్చి కూర్చున్నా అంతే, తన్నాల్సిందే.

ఒకసారి కొండమీద గుడిలో పెళ్ళికి మమ్మల్నందరినీ తీసుకెళ్తుంటే నిట్టనిలువు ఎత్తులో బస్సు మొరాయించింది. మొదటి గేరు లాగలేకపోతోంది. పెళ్ళికొడుకు దిగి తోస్తానన్నాడు. "కొత్త సూటు, కూర్చో నాయనా," అని జుజునా బస్సుని కొండ అడుగున మైదానంలోకి దించి, ముక్కు లోయవైపుకి తిప్పి, వెనక గేరు వేసి, గుడిదాకా వెనక్కే ఎక్కించింది. "వెనక గేరుకున్న బలం మొదటి గేరుకి లేదన్నయ్యా, ఇంజనీర్లు దాన్ని వెనక ఎందుకు దాచారో దేవుడికే తెలియాలి," అంది. ఆ రోజు పొగమంచు దట్టంగా పట్టేసింది. అద్దంలోంచి తెల్లటి గోడ తప్ప ఇంకేమీ కనబడలేదు. అది గుర్తుంచుకోండి.

ఊళ్ళో ఎవరికి వాళ్ళు కార్లు కొనుక్కున్నాక బస్సు ఎక్కేవాళ్ళు లేకపోయారు. క్షేత్రం మూసేసినప్పుడు జుజునాకి రావాల్సిన జీతాల కింద ఆ బస్సునే ఇచ్చేశారు. తెచ్చి మల్బరీ చెట్టుకింద పెట్టింది. వారానికోసారి ఇంజను తిప్పేది, తుడిచేది. కోతల పాటలు రేడియోలో వస్తే లోపల కూర్చుని వినేది. ఈలోగా దాని అల్లుడు మమూకా కోళ్ళు పెంచడం మొదలెట్టాడు.

"అత్తయ్యా, బస్సులో సీట్లు తీసేసి అడ్డకర్రలు కట్టామంటే జిల్లాలో ఇంత మంచి కోళ్ళగూడు ఎవరికీ ఉండదు. కిటికీలు కూడా ఉన్నాయి," అన్నాడు.

"నీకూ ఓ సీటు ఉంచుకో. నువ్వూ పొద్దున్నే కూస్తావుగా," అంది జుజునా.

కూతురు మధ్యలో నలిగిపోయింది. చివరికి, ఈ ఎండాకాలం అయ్యేలోగా బస్సుకి పని దొరక్కపోతే కోళ్ళకే అని ఒప్పందం కుదిరింది. అడ్డకర్రలు అప్పుడే చెక్కి గోడకి ఆనించి ఉంచాడు మమూకా. కోళ్ళకి ఒప్పందాలు తెలియవు కదా, వెనక సీటు కింద రోజూ గుడ్లు పెడుతూనే ఉన్నాయి.

అలాంటప్పుడు రాజధాని త్బిలిసీ నుంచి తెక్లే అనే అమ్మాయి వచ్చింది. పర్యాటకుల్ని తిప్పే కంపెనీ ఆమెది. పొద్దున్న బయలుదేరి ద్రాక్షతోటల మధ్యగా వెళ్ళి, దారిలో ఇళ్ళల్లో వైన్ రుచి చూపించి, పొద్దుగూకే వేళకి పాత బురుజు ఉన్న దిబ్బ మీదికి చేర్చే ఒక రోజు దారి కావాలి. దాన్ని నడిపే మనిషీ కావాలి. పక్క పట్నం తెలావి నుంచి కొత్త తెల్ల వ్యాను ఉన్న ఒకతను అప్పటికే అడిగాడట. అందులో చల్లగాలి యంత్రం కూడా ఉంది.

"మీ బస్సులో చల్లగాలి ఎలా వస్తుంది?" అని తెక్లే అడిగింది.

"కిటికీ తెరిస్తే వస్తుంది," అంది జుజునా.

తెక్లేకి ఆ మాట నచ్చినట్టుంది, నవ్వింది. శనివారం తన ఆఫీసువాళ్ళని నలుగుర్ని వెంటబెట్టుకుని వస్తానంది. "ఒకటే షరతు జుజునాగారూ. సూర్యుడు దిగకముందే మనం దిబ్బమీద ఉండాలి. అక్కణ్ణుంచి లోయా, అవతల మంచుకొండలూ వెలుగులో కనబడకపోతే ఈ దారి నాకు పనికిరాదు. ఆ తెల్ల వ్యానతనికి ఇచ్చేస్తాను."

ఆ సాయంత్రం నేనూ జుజునా మమూకా మా వంటింట్లో దారి వేయడానికి కూర్చున్నాం. పటం లేదు, మాకు అక్కర్లేదు కూడా. పొడుగు రొట్టెని అడ్డంగా పెట్టి అది కాకసస్ కొండలన్నాను. ద్రాక్షరసంలో ముంచి ఎండబెట్టిన వాల్‌నట్ దండ తీసి వంకరగా పరిచింది జుజునా, అది రోడ్డు. ఒక్కో ఊరికీ ఒక్కో జున్ను ముక్క. బురుజుకి ఉప్పుడబ్బా.

వాసన పట్టినట్టు జక్రో వచ్చాడు. జక్రోది మొదటి ఊరు. తేనెటీగలు పెంచుతాడు, వాటికంటే ఎక్కువ రొద చేస్తాడు. వెనకాలే ఫెఫో పిన్ని వచ్చింది. రెండో ఊరు ఆవిడది, ఎర్ర వైన్‌కి ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు, ఆ మాట ఆవిడే చెబుతుంది. మూడో ఊరి గిగ్లా మాస్టారు చేతికర్ర టకటకలాడించుకుంటూ దిగాడు.

"ముందు మా ఇంటి దగ్గర ఆగాలి. పొద్దున్నే నాలిక శుభ్రంగా ఉంటుంది," అన్నాడు జక్రో.

"శుభ్రమైన నాలికకి నీ వైన్ పోస్తే ఆ రోజంతా పాడవదూ? నా దగ్గరే ముందు," అంది ఫెఫో పిన్ని.

"భౌగోళికంగా చూస్తే..." అని మాస్టారు మొదలెట్టి దండ వైపు చూసి ఆగిపోయాడు. "మా ఊరేది? మా ఊరెవరు తిన్నారు?"

అందరం మమూకా వైపు చూశాం. నములుతున్నాడు.

"మీ ఊరు చాలా బాగుంది మాస్టారూ," అన్నాడు.

ఇంకో జున్ను ముక్క పెట్టాం. నవ్వాపుకోలేక జుజునా కళ్ళు తుడుచుకుంటోంది. సూర్యుడు దిగేలోగా అన్నిచోట్లా ఆగడం కుదరదని దానికి తెలుసు. అందుకే ఎవరికీ మాటివ్వలేదు. ముగ్గురితోనూ ఒకే మాట అంది: "శనివారం మీ గుమ్మం ముందునుంచే పోతాం. వీలైతే ఓ క్షణం ఆగుతాం."

అదీ జరిగిన పొరపాటు. మా వైపు వీలైతే అనే మాట ఎవరి చెవికీ ఎక్కదు. అతిథి వస్తాడేమో అన్నారంటే వస్తున్నాడనే లెక్క. వస్తున్నాడంటే కాగు తెరవాలి. మేం వైన్‌ని నేలలో మెడదాకా పాతిన పెద్ద మట్టికాగుల్లో పెడతాం. కోతల తర్వాత మూతపెట్టి తడిమట్టితో మెత్తేస్తాం. ఒకసారి ఆ మెత్తు పగలగొడితే గాలి తగులుతుంది, ఇక ఆ కాగుని ఖాళీ చేయాల్సిందే. ఊరికే ఎవరూ తెరవరు. ఎవరి కోసమైనా తెరిచారంటే ఆ మనిషి గడప దాటి వెళ్ళిపోకూడదు. వెళ్ళిపోతే మనవలదాకా మాటలుండవు.

శనివారం పొద్దున్న బస్సు కడిగి, కోళ్ళని తరిమి, నేను నా గొర్రెతోలు టోపీ పెట్టుకుని ముందు సీటులో తలుపు తన్నే చోట కూర్చున్నాను. తెక్లే, ఆఫీసువాళ్ళు నలుగురు ఎక్కారు. మొదటి ఊరు చేరేసరికి జక్రో రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. పండగ కోటు వేసుకున్నాడు. వెనకాల పందిరి కింద బల్ల, బల్ల మీద ద్రాక్షకట్టెల నిప్పుల మీద కాల్చిన మాంసం, పచ్చిమూలికలు, రొట్టెలు, వైన్ పోసుకు తాగే వెండికొమ్ము.

"తెరిచేశాను! తెల్లవారుజామునే తెరిచేశాను!" అని అరిచాడు.

జుజునా స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. "నేను వీలైతే అన్నాను కదా జక్రో."

"వీలవుతుందనే కదా తెరిచాను!"

తెక్లే గడియారం చూసుకుంది. "పది నిమిషాలు ఆగుదామా?"

"పది నిమిషాలా?" జక్రో ఆమెని జాలిగా చూశాడు. "అమ్మాయీ, పది నిమిషాల్లో నేను మొదటి గ్లాసు ఎవరి పేరు మీద ఎత్తాలో కూడా చెప్పలేను. మా తాతనుంచి మొదలెట్టాలి."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఫెఫో పిన్ని. గట్టిగా మాట్లాడే మనిషి కాబట్టి బస్సంతా విన్నది: "జుజునా, కాగు తెరిచానే! ఎక్కడున్నారు? కోళ్ళు వేగుతున్నాయి!" ఆ వెంటనే గిగ్లా మాస్టారు. ఆయన తెరిచింది మనవడి పెళ్ళికోసం దాచిన కాగు.

"మాస్టారూ, ఇప్పుడు పెళ్ళికేం పోస్తారు?" అంది జుజునా నీరసంగా.

"వాడింకా అమ్మాయిని వెతుక్కోలేదమ్మా. వాడికోసం కూచుంటే వెనిగర్ అవుతుంది. మీరు రండి."

ఆగితే సూర్యుడు పోతాడు. ఆగకపోతే మూడు ఇళ్ళు పోతాయి. ఎటు చూసినా చివర్లో కోళ్ళగూడే. మా జుజునా మొహం నేను చూశాను. పదిహేడేళ్ళప్పుడు ట్రాక్టరెక్కినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. వాదించడానికి టైం లేదన్నట్టు.

"జక్రో, బస్సెక్కు," అంది.

"ఏంటీ?"

"కూజాలో నింపుకో, కొమ్ము తీసుకో, మాంసం తీసుకో, ఎక్కు. విందు దిబ్బ మీద."

జక్రో ఎర్రబడ్డాడు. "ఇంటిదగ్గర కాకుండా విందేంటి? నా బల్ల దగ్గర కూచోబెడితేనే కదా నేను ఆతిథ్యం ఇచ్చినట్టు!"

"అయితే బల్ల కూడా ఎక్కించు."

అప్పుడే వెనక సీటు కిందనుంచి ఓ కోడి కొక్కొక్కో అంది. తరమడంలో ఒకటి మిగిలిపోయినట్టుంది. ఆఫీసువాళ్ళలో ఒకమ్మాయి నవ్వింది, ఆ నవ్వు జక్రోకి అంటుకుంది. ఇక చూసుకోండి. బల్ల బస్సుపైకి, కూజాలు లోపలికి, జక్రో భార్యా వదినా బావమరిదీ సీట్లల్లోకి. నేను తలుపు తన్నాను. అంత చక్కగా నేనెప్పుడూ తన్నలేదు.

రెండో ఊళ్ళో ఫెఫో పిన్ని బస్సు పైన జక్రో బల్ల చూసింది. "వాడి బల్ల మీద నా కోళ్ళా? ససేమిరా!" అని తన బల్ల కూడా ఎక్కించింది. వేయించిన కోళ్ళని లోపలికి తెస్తుంటే వెనక సీటు కింది కోడి ఒక్కసారిగా మౌనం వహించింది. మూడో ఊళ్ళో గిగ్లా మాస్టారి బల్ల పొడుగెక్కువ, కాళ్ళు పైకి చేసి కట్టారు. దూరంనుంచి చూసినవాళ్ళకి బస్సు వెల్లకిలా పడ్డ పురుగులా కనబడి ఉంటుంది. లోపల పాట మొదలైంది. మూడు గొంతుల పాట. గిగ్లా మాస్టారు లోతుగొంతు, నేను మధ్య, పై గొంతు జక్రోది. నా గొంతు లేకపోతే ఆ పాట మధ్యలో కూలిపోయేది, ఆఫీసువాళ్ళే అన్నారు. స్టీరింగ్ పట్టిన రోజు జుజునా వైన్ వాసన కూడా చూడదు. అది మూలికల సోడా తాగుతూ స్టీరింగ్ మీద తాళం వేసింది.

దిబ్బ ఎత్తు మొదలయ్యేచోట బస్సు ఆగిపోయింది.

నిండు కూజాలు, మూడు బల్లలు, మూడిళ్ళ జనం. మొదటి గేరు గురగురమంది, దగ్గింది, ఆగింది. సూర్యుడు అప్పటికే పడమటి గొంబొరి కొండల వైపు వంగుతున్నాడు. పాట ఆగిపోయింది. తెక్లే గడియారం చూసుకోకపోవడం చూసి నాకు భయమేసింది.

"దిగి నడుద్దామా?" అన్నాడు జక్రో చిన్నగా. అతను అంత చిన్నగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

జుజునా అద్దంలో మమ్మల్నందరినీ చూసింది. "ఎవరూ దిగక్కర్లేదు. గట్టిగా పట్టుకోండి."

బస్సుని మెల్లగా కిందికి జారనిచ్చి, తోట గట్టు దగ్గర మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, ముక్కు లోయవైపుకి తిప్పింది. వెనక గేరు పడింది. బస్సు ఒక్కసారి వణికి, వెనక్కే కొండెక్కడం మొదలెట్టింది.

నేను పరుగెత్తి వెనక అద్దం దగ్గర నిలబడి దారి చెప్పసాగాను. "ఎడమకి! ఎడమకి! రాయి ఉంది!"

"అన్నయ్యా, నాకు అద్దాలున్నాయి. నువ్వు కూచో!"

"ఆ రోజు పెళ్ళిలో కూడా నేనే దారి చెప్పాను!"

"ఆ రోజు కూడా కూచోమనే చెప్పాను!"

అప్పుడు విన్నాను, ముందు సీట్లల్లోంచి ఒక అరుపు. ఏదో తగిలిందేమో అనుకున్నాను. కాదు. అది తెక్లే గొంతు, సంతోషంతో. తిరిగి చూశాను.

ముందు అద్దం నిండా లోయ. పొగమంచు లేదు. బస్సు ఒక్కో మూరా పైకి వెళ్తున్నకొద్దీ లోయ మా కళ్ళముందు పరుపు పరిచినట్టు విచ్చుకుంటోంది. ముందు దగ్గరి తోట వరసలు, తర్వాత జక్రో ఊరి పైకప్పులు, తర్వాత అలజాని నది మెరుపు, తర్వాత మళ్ళీ తోటలు, ఆ పైన, అందరూ ఊపిరి బిగపట్టేసరికి, మంచుకొండలు అన్నీ ఒకేసారి గులాబిరంగులో లేచి నిలబడ్డాయి. మామూలుగా కొండెక్కేవాడికి ఎదురుగా మట్టి రోడ్డే కనబడుతుంది, అందం అంతా వీపు వెనక ఉంటుంది. మేమంతా సినిమాహాల్లో ముందు వరసలో కూర్చున్నట్టు కూర్చుని, సీట్లతో సహా పైకి లేస్తున్నాం. ఫెఫో పిన్ని డెబ్భై ఏళ్ళుగా ఆ లోయలోనే ఉంది. "ఓరి నాయనో, ఇది మనదేనా!" అని జక్రో భుజం మీద కొట్టింది. జక్రో కూజా ఒలికింది. ఎవరూ పట్టించుకోలేదు.

పైకి చేరేసరికి సూర్యుడు ఇంకా ఉన్నాడు. బురుజు నీడలో మూడు బల్లల్ని చివరికి చివర కలిపి వేశాం. వెంటనే ఎవరి వైన్ ముందు పోయాలన్న గొడవ లేచింది. విందు పెద్దగా నేను లేచి, ఇలాంటి గొడవలు చాలా తీర్చినవాడిని కాబట్టి, ఒక్క మాటలో తేల్చేశాను: "తాగని మనిషికే పక్షపాతం ఉండదు. జుజునా పోస్తుంది." మూడు కూజాలనీ ఒకేసారి మూడు గ్లాసుల్లోకి వంచింది, రెండు తన చేతుల్తో, ఒకటి తెక్లే చేత. మొదటి గ్లాసు జుజునా పేరు మీద ఎత్తాను. నా మాట ఎంతసేపు సాగిందో నేను చెప్పను. సూర్యుడు మాత్రం మధ్యలోనే దిగిపోయాడు.

నేను కూర్చున్నాక తెక్లే జుజునా దగ్గరికి వచ్చింది.

"ఇది మీరు చెప్పిన దారి కాదు."

"కాదు," అంది జుజునా. తల వంచుకుంది.

"ఇళ్ళ దగ్గర ఆగలేదు. ఇళ్ళే బస్సెక్కాయి."

"అవును."

"వచ్చే శనివారం నుంచి ఇదే దారి. ఇదే బస్సు. కానీ ఒక్క షరతు, కొండ వెనక్కే ఎక్కించాలి."

"బరువు లేకపోయినా కూడానా?"

"బరువు లేకపోయినా."

జుజునా నవ్వడం మొదలెట్టింది, తను కూర్చున్న బెంచీ కూడా కదిలిపోయేంత నవ్వు. "అన్నయ్యా, విన్నావా? దిగేటప్పుడు ముందుకే దిగుతాం కదా. ఎక్కినా లోయే, దిగినా లోయే! ఈ కొండమీద వీళ్ళకి ఒక్కసారి కూడా రోడ్డు చూపించక్కర్లేదు!"

ఇంటికొచ్చేసరికి మమూకా మల్బరీ చెట్టుకింద దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనే గోడకి ఆనించిన అడ్డకర్రలు. "ఏమైంది అత్తయ్యా?"

జుజునా బస్సులోకి వంగి వెనక సీటు కింద చెయ్యిపెట్టి, ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డొకటి తీసి అతని చేతిలో పెట్టింది. ఆ తర్వాత కోడిని.

"ఆ కర్రలు పారెయ్యకు నాయనా. బస్సు పైన బల్లలు కట్టుకోడానికి మంచివి."

ఆ కోడి మాత్రం మమూకా కట్టిన కొత్త గూట్లో ఒక్క గుడ్డూ పెట్టలేదు. శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే వెళ్ళి వెనక సీటు కింద కూర్చుంటుంది. దాన్ని తరమాలని ఎవరూ అనుకోవడం లేదు. ఎక్కేటప్పుడు అందరికంటే ముందు దిబ్బమీదికి చేరేది అదే.